మూత తెరిచాక మొదటి మాట

మైనింగ్ జోరుగా సాగిన రోజుల్లో తారానగర్‌లో ఒక లారీల ఆఫీసులో సూపర్‌వైజరుగా పనిచేశాను. దోణిమలై వైపు నుంచి ఇనుప ఖనిజం నింపుకుని దిగే లారీలను వరుసలో నిలబెట్టించడం, టార్పాలిన్ సరిగా కట్టారో లేదో చూసి రోడ్డు మీదికి వదలడం నా పని. మా తాత కాలంలో తెక్కలకోట దగ్గర మా పొలాల హద్దులు చెప్పాలంటే ఒకవైపు కాలవ, ఇంకోవైపు వంక అని చెప్పేవారు. మా నాన్న కాలానికి ఇల్లూ, దాని ముందు అరుగూ మిగిలాయి. నా చేతికి వచ్చేసరికి అవీ లేవు. ఈ సంగతి ఆఫీసులో నేనెవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ రాలేదు, అందరికీ తెలుసు.

పనిలో చేరినప్పుడు ఓనరు ఆఫీసు ఫోను ఒకటి ఇస్తానన్నాడు. ఇంకొకరి ఫోను నా జేబులో మోగడం ఇష్టం లేక బళ్ళారి వెళ్ళి నాది నేనే కొనుక్కున్నాను. అంగడివాడు పాటలు పాడేవి, ఫోటోలు తీసేవి వరసగా పరిచి చూపించాడు. నేను మూత ఉన్నది అడిగాను. మూత తెరిస్తే కాల్ ఎత్తినట్టు, మూస్తే పెట్టేసినట్టు. ఏ మీటా నొక్కే పని లేదు. మా వైపు ఆ రోజుల్లో చెట్లూ గోడలూ కుక్కలూ అన్నీ ఒకే ఎరుపు. ఆ ధూళి నుంచి మీటలు కాపాడుకోవడానికి కూడా మూత మంచిదే. అయినా ధూళి మూత మడిచే చోట చేరేది, మూత కిర్రుమనేది. రోజూ పొద్దున పాత పళ్ళ బ్రష్‌తో దులిపేవాణ్ణి.

డ్రైవర్లు దాన్ని సున్నం డబ్బీ అనేవారు.

"ఏమప్పా, ఆకూ వక్కా కూడా అందులోనే పెట్టుకుంటివా?" అని అడిగాడు ఒకడు. తెక్కలకోట వాడే, చాలాకాలంగా మా లారీల మీద ఉన్నాడు. అందరినీ అప్పా అనేవాడు, నన్నూ అలాగే అన్నాడు. 

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. గడప దగ్గరికి వచ్చినవాడు తాను ఎవరో, ఏ పని మీద వచ్చాడో మొదట చెప్పాలి. తలుపు తెరిచినవాడు ఊరికే నిలబడి వినాలి. మా నాన్న అలాగే నిలబడేవాడు, తాత కూడా అంతేనని విన్నాను. వచ్చినవాణ్ణి ఎవరు నువ్వని అడగడం అతన్ని చిన్నబుచ్చడమని మా వాళ్ళ లెక్క. ఫోను మూత తెరవడం నాకు తలుపు తెరవడంలాగే తోచింది. తెరిచి, చెవికి ఆనించుకుని, ఊరుకునేవాణ్ణి. హలో అనేవాణ్ణి కాదు. అవతలివాళ్ళు రెండు మూడుసార్లు పిలిచి, సిగ్నల్ లేదనుకుని పెట్టేసేవారు.

"పలకవేందప్పా? లైన్ కట్టయిందనుకుంటి," అన్నాడు ఆ డ్రైవరు ఒకరోజు ఆఫీసుకు వచ్చి.

"ఫోను చేసింది నువ్వు. నువ్వే పలకాల."

"సరేప్పా. అట్లయితే ఎత్తినాక ఒక దగ్గన్నా దగ్గు. మనిషి ఉండాడో లేడో తెలుస్తాది."

నేను దగ్గలేదు. కొన్నాళ్ళకు డ్రైవర్లే అలవాటు పడ్డారు. మూత కిర్రుమన్న శబ్దం వినపడగానే ఊరూ లారీ నంబరూ చెప్పేసేవారు. పని ఏమీ ఆగలేదు.

నాకు ఒక అక్క ఉంది. తెక్కలకోటలోనే, వడ్లమిల్లు పక్క సందులో ఇచ్చారు. మా నాన్న సంవత్సరీకం నాటి నుంచి ఆమెకూ నాకూ మాటల్లేవు. ఆ రోజు భోజనాల్లో బావను రెండో బంతిలో కూర్చోబెట్టారు. మా ఇంట్లో మొదటి బంతి బయటివాళ్ళది, ఊరి పెద్దలది. అల్లుడైనా కొడుకైనా ఇంటివాళ్ళు రెండో బంతిలోనే తినాలి. బావ వాళ్ళ ఇంట్లో అల్లుడికీ బావమరిదికీ మొదటి బంతి. ఎవరి వాడుక వారిది. ఆయన ఆకు ముట్టకుండా లేచాడు. వెనకే అక్క లేచింది. అప్పుడు మాటలు పెరగలేదు. అసలు ఎవరూ ఏమీ అనలేదు. అందుకే తరువాత సర్దుకోవడానికి కూడా ఏమీ లేకపోయింది.

అక్కకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు మొదటి పాలపన్ను ఊడినప్పుడు దాన్ని ఇంటి మీదికి విసిరింది నేను. పెంకుల మీద పడిందో లేదో చూడమని ఏడిస్తే నిచ్చెన ఎక్కి చూసి వచ్చాను.

ఆ పిల్లకు పెండ్లి కుదిరిందని డ్రైవరే చెప్పాడు, లారీ దిగుతూ దిగుతూ.

"గంప ఎత్తేకి మీ చిన్నాయన కొడుకును అనుకుంటాండారంట. సొంత మేనమామ ఈడ ఉండంగ వాడేందప్పా?"

"టార్పాలిన్ ఆ మూల వదులుగా ఉండాది, చూసుకో," అన్నాను.

మా వైపు పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి మేనమామే తేవాలి. అయితే మేనమామ తనంతట తాను వెళ్ళి నిలబడడు. ఆడబిడ్డ బొట్టుపెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చి పిలవాలి. పిలవకపోతే వెళ్ళకూడదు, పిలవమని అడగనూ కూడదు. ఆ పిల్ల గంపకు ఇంకొకరు చేతులు వేయడం నేను చూడదలచుకోలేదు. ఆ రోజుల్లో నేను కోరుకున్నది అంతే. ఎవరికీ చెప్పలేదు గాని, నా భార్యకు తెలుసనుకుంటాను.

ఆ వారంలోనే ఫోను మోగింది. తెక్కలకోట నంబరు. నాది ఆ డ్రైవరే ఇచ్చి ఉంటాడు. మూత తెరిచి చెవికి ఆనించాను. అవతల కూడా ఎవరూ మాట్లాడలేదు. వెనక వడ్లమిల్లు బెల్టు తిరుగుతున్న చప్పుడు. తరువాత ముక్కుతో చిన్నగా వదిలిన ఊపిరి. మా ఇంట్లో అందరికీ ఆ అలవాటు ఉంది, మాట్లాడబోయే ముందు అలా ఊపిరి వదులుతాము. అది అక్క. నేను ఆగాను. ఆమె కూడా ఆగింది. కొంతసేపటికి లైను కట్టయింది.

మా ఇంటి పద్ధతుల్లో రెండోది కూడా ఉంది. చిన్నవాళ్ళే పెద్దవాళ్ళను మొదట పలకరించాలి. అక్క నాకన్నా పెద్దది. ఆమె పట్టుకున్నది అది, నేను పట్టుకున్నది మొదటిది. రెండూ మా నాన్న ఒక్కడే నేర్పినవి.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే జరిగింది. ఇంకోసారి మోగినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. నా భార్యది అనంతపురం వైపు, వాళ్ళ ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా ముందు మాట్లాడతారు.

"హలో అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని ఫోను లాక్కుంది. "వదినా, బాగుండావా?"

అవతల పెట్టేశారు.

"అబ్బ, ఏం ఇల్లప్పా మీది," అని ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

నేను తిరిగి ఫోను చేయవచ్చు. చేస్తే వచ్చినవాణ్ణి నేనవుతాను కాబట్టి ముందు మాట్లాడవచ్చు, దానికి పద్ధతి ఒప్పుకుంటుంది. కానీ ఏమని మాట్లాడాలి? పెండ్లికి పిలవమని అడగడం తప్ప చెప్పడానికి ఇంకేమీ లేదు.

చిన్నప్పుడు మా అవ్వకూ, ఆమె తోడికోడలికీ మాటల్లేవు. ఒకే వంటిల్లు. ఇద్దరూ రోలుతో మాట్లాడేవారు. "రోలమ్మా, చింతపండు అయిపోయింది," అని ఒకరంటే, "రోలమ్మా, అటక మీద కుండలో ఉండాది," అని రెండోవారు. అలా ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదికీ వండి పెట్టారు. అక్కా నేనూ ఆ రోలు పక్కనే కూర్చుని ఉగ్గాణి తిన్నవాళ్ళం.

తరువాతి ఫోను మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. నా భార్య వడ్డిస్తోంది. మూత తెరిచాను. మిల్లు చప్పుడు, ఊపిరి. నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నా భార్య వైపు తిరిగాను.

"ఏమే, గంప ఎత్తేకి మా చిన్నాయన కొడుకును అనుకున్నారంట. వానికి నడుం పట్టేసి వంగేకి కూడా కాదే?"

ఆమె గరిటె పట్టుకుని నన్నే చూసింది. అవతల మిల్లు చప్పుడు కాస్త దూరమైంది, అక్క పక్కకు జరిగినట్టుంది. తరువాత అక్క గొంతు వినిపించింది, నాతో కాదు, పక్కనున్న కూతురితో.

"చూడు పాపా, కొందరికి లారీలోల్లు చెప్పిన మాటలు బాగా చెవికెక్కుతాయి. తోడబుట్టినది ఫోను చేస్తే మాత్రం చెవులు పనిచెయ్యవు."

"పిలిస్తేనే కదే ఎవరైనా పోయేది," అన్నాను నా భార్యతో.

"ఇన్ని దినాలు ఫోను చేస్తాండేది సుమ్నె, ఊరికే పొద్దుపోకనా పాపా? బొట్టుపెట్టె తీసుకోని పోదామంటే ఇల్లు యాడుండాదో తెలిసి చస్తే కదా. అడ్రసు చెప్పేకి కూడా నోరు రాదు."

అది నాకు తోచలేదు. తారానగర్ వచ్చాక ఇల్లు మారాము. ఆమెకు చెప్పినవాళ్ళు లేరు, డ్రైవర్లకు ఆఫీసే తెలుసు.

"బస్సు దిగినాక బోరింగు పక్క సందు, నీలం తలుపని చెప్పే," అన్నాను.

"నాకు చెప్తావేంది? ఫోను నీ చేతిలోనే ఉండాది," అంది నా భార్య గట్టిగా, అవతలికి వినపడేలా.

అవతల ఆ పిల్ల నవ్వింది. "అమ్మా, నీలం తలుపంట," అంది.

"ఇనపడింది. గురువారం ఇంట్లో ఉండమను," అంది అక్క. లైను కట్టయింది. నేను మూత మూసి అన్నం కలుపుకున్నాను.

గురువారం ఆఫీసుకు వెళ్ళలేదు. బస్సు వచ్చే వేళకు సందు మొదట్లో నిలబడ్డాను. అక్క బొట్టుపెట్టెతో దిగింది, వెనక పిల్ల. జుట్టు బాగా నెరిసింది అక్కకు. నేను ఎదురు వెళ్ళి, "రా అక్కా," అన్నాను. "ఊ," అంది. మనిషి ఎదురుగా ఉంటే మా ఇంటి రెండు పద్ధతులకూ పేచీ లేదు. చిన్నవాడు ఎదురువెళ్ళి పలకరిస్తాడు, అంతటితో సరి. ఆ పేచీ ఫోనులోనే వచ్చింది. బావ రాలేదు. ఆయన ఊసు ఇద్దరం ఎత్తలేదు. అక్క నాకూ నా భార్యకూ బొట్టు పెట్టి, పంచె చీర ఇచ్చి, చివరి బస్సు దాకా ఉండకుండా వెళ్ళిపోయింది.

పెండ్లిలో గంప నేనే ఎత్తాను. అవతలివైపు పట్టుకున్నది చిన్నాయన కొడుకు, ఆ పట్టేసిన నడుంతోనే. పిల్ల గంపలో కూర్చుని నా చెవిలో, "మామా, ఈ తూరి నిచ్చెన ఎక్కొద్దులే," అంది. గుర్తుందన్నమాట.

పీటల దగ్గర దించి పక్కకు వచ్చాక భోజనాలకు పిలుపు వచ్చింది. మొదటి బంతిలో మగపెళ్ళివారూ ఊరివాళ్ళూ కూర్చుంటున్నారు. వాళ్ళ వాడుక ప్రకారం నాకు అందులో ఆకు వేయాలి. ఎవరూ పిలవలేదు. నేను పందిరి రాట దగ్గర నిలబడ్డాను. వెళ్ళిపోవడానికి బస్సు ఉంది, సంచి నా భార్య చేతిలోనే ఉంది. బావ కొంచెం దూరంలో నిలబడి వడ్డన చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన మీసం కూడా తెల్లబడింది. ఆయన కూడా కూర్చోలేదు.

మొదటి బంతి లేచింది. ఆకులు తీసి, నీళ్ళు చల్లి, మళ్ళీ ఆకులు వేశారు. బావ నా దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు కాబట్టి ఆయనే పలికాడు.

"రాప్పా. ఇంటోల్లు ఇప్పుడే కదా తినేది."

పక్కపక్క ఆకుల్లో కూర్చున్నాము. ఆకు చివర ఉప్పు వేశారు. అక్క నెయ్యి గిన్నెతో వరుస వెంట వస్తోంది. మా దగ్గరికి వచ్చి ఆగింది. ముక్కుతో చిన్నగా ఊపిరి వదిలింది.

"చెయ్యి తియ్యిరా, నెయ్యి వెయ్యాల," అంది.