పినాంగు చుట్టలు ఎవరివి?

1934లో నన్ను కాకినాడ ఓడరేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. విదేశాల నుంచి దిగే ప్రయాణికుల పెట్టెలు విప్పి చూడటం నా పని. నాది ఏలూరు. తెలుగు తప్ప మరో భాష రానివారికి దుబాసీగా నిలబడటమూ నా నెత్తినే పడేది.

పొగాకు విషయంలో నిబంధన తేలికే. ప్రయాణికులు సొంత వాడకానికి తెచ్చుకున్న కొద్దిపాటి చుట్టలకు సుంకం లేదు. ఇతరుల కోసం తెస్తే ఉంది. డిక్లరేషన్‌లో అబద్ధం రాస్తే సరుకు జప్తు, పైన జరిమానా. కేసు తేలేదాకా మనిషి ఓడ ఎక్కడానికి వీల్లేదు.

ఒకరోజు మలయాలోని పినాంగు నుంచి వచ్చిన ఓడలోంచి ఒక రబ్బరు తోట గుమాస్తా, ఆయన అత్తగారు దిగారు. కూతురి పురుటికి వెళ్లిన ఆవిడను కొల్లేటి లంకలో ఉన్న ఊరికి చేర్చి, పది రోజుల్లో ఆయన తిరుగు ఓడ అందుకోవాలి. అందుకోకపోతే ఉద్యోగం ఊడినట్టే. పెట్టెలో రెండు కట్టల చుట్టలు కనబడ్డాయి. “మా అత్తగారి సొంత వాడకానికి” అని డిక్లరేషన్‌లో రాసి సంతకం చేశారాయన. మా సూపరింటెండెంటు దొర నమ్మలేదు. ఆవిడనే అడగమన్నాడు.

అడిగాను. అల్లుడి వెనక కొంగు నిండా కప్పుకుని నిలబడ్డ ఆవిడ తలెత్తకుండా, “అయ్యో, నావి కాదండీ” అంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను. అల్లుడి ముఖం పాలిపోయింది. ఆయన కాగితాలూ చుట్టలూ ఆఫీసులో ఉంచుకుని, ఆవిడను రేవుకు ఎదురొచ్చిన సొంత తమ్ముడితో ఊరికి పంపాం.

నాకు మాత్రం మనసు పీకుతూనే ఉంది. మా వైపు పెద్దావిడలు చుట్ట కాల్చడం నేనెరగనిది కాదు. దొరను బతిమాలి విచారణకు అనుమతి తీసుకున్నాను. ఏలూరులో రైలు దిగి, కొంత దూరం బండి మీద, ఆపైన తాటిదోనెలో లంకకు చేరాను. ఊరి మునసబుతో కలిసి పెరట్లోకి వెళ్లేసరికి ఆవిడ చేపలు తోముతోంది. నోట్లో చుట్ట. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మమ్మల్ని చూసి ఆవిడకు పొలమారింది.

“మరి రేవులో నావి కాదన్నారేమండీ?” అన్నాను.

“అల్లుడుగారు పక్కనుంటే ఎలా చెప్పమంటారండీ? సిగ్గూ శరం లేనిదాన్నాండీ?”

ఆ ఒక్క మాటతో ఆయన ఉద్యోగం పోయేలా ఉందని చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. “వేలిముద్ర ఎక్కడెయ్యాలో చెప్పండి బాబూ. ఆయనకి మాత్రం చదివి వినిపించకండేం!”

మునసబు సాక్షి సంతకం చేశాడు. దొర ఆ వాంగ్మూలం చదివి, నాలుక కాలదా అని మూడుసార్లు అడిగి, చివరికి విడుదల ముద్ర వేశాడు. ఓడ బయలుదేరడానికి ఇంకొక్క రోజే ఉంది. కాగితాలు ఆయన చేతిలో పెట్టాక నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన గొంతు తగ్గించి, “ఏవండీ, నాకు తెలుసని ఆవిడకి తెలియనివ్వకండి. ఆవిడ పినాంగులో మా ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ పెరట్లోకి దగ్గి మరీ వెళ్లేవాణ్ణి. సర్కారు కాగితం కదాని నిజం రాశాను” అన్నారు.

తప్పు నాదే. అడగవలసిందే అడిగాను గాని, అల్లుడి ఎదుట అడిగాను. రిటైరయ్యేదాకా ఏ వాంగ్మూలం తీసుకున్నా, ముందుగా బంధువులను కస్టమ్స్ షెడ్డు బయటికి పంపేవాణ్ణి.