గుమ్మంలో చిమ్మట ముగ్గు

నేను జంషెడ్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని. క్రేన్ల కొక్కేలు, బ్రాకెట్లు గీయడం నా పని. నా భార్య కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. కొన్నేళ్లుగా ఆమె ధ్యాసంతా ఒక గోధుమరంగు చిమ్మట మీదే. వానాకాలంలో బిర్సానగర్‌లోని మా వరండా లైటు చుట్టూ తిరుగుతుందే, అదే. అచ్చం దానిలాగే ఉండే జాతి ఇంకొకటి ఉందట. రెక్కలు చూసి రెండింటినీ వేరు చేయలేరు. మగవాటి జననాంగాలు విప్పి చూడాల్సిందే.

ఒక ఆదివారం మైక్రోస్కోపు నా ముందుకు జరిపి, "ఈ బొమ్మలు నువ్వే గియ్యాలి" అంది.

"ఏటి గియ్యాలి?"

"మగదాని సామాను. సిగ్గెందుకు? మెషీన్ డ్రాయింగ్ అనుకో."

నిజంగానే మెషీనులా ఉంది. పొట్ట చివర గట్టి ఉంగరం, దాని పైన కిందికి వంగిన కొక్కెం, అటూ ఇటూ చిప్పల్లాంటి రెండు దవడలు, మధ్యలో గొట్టం. ఆ గొట్టమే అసలు అంగం. గట్టి భాగాలు మాత్రమే కావాలంటే పొటాష్ నీళ్లలో వేడిచేసి కండంతా కరిగించేస్తారు. ఆమెకు కండరాలూ కావాలి. అందుకని స్పిరిట్‌లో దాచిన చిమ్మటలను సూదులతో ఓపిగ్గా విడదీసేది. దవడలను దగ్గరికి లాగి ఆడదాన్ని పట్టుకోవడానికి ఒక జత కండరాలు. గొట్టాన్ని ముందుకు తోయడానికి ఒక జత, వెనక్కి లాక్కోవడానికి మరో జత. కొక్కేన్ని వంచడానికి ఇంకొకటి.

"ఇంత పురుక్కి ఇంత ఏర్పాటా!" అన్నాను.

"అసూయ పడకు" అంది, సూది మీంచి చూపు తిప్పకుండా.

అలవాటు కొద్దీ కొలతల గీతలు కూడా వేసేశాను. వాటిని చెరిపించి, కండరాలకు ఎర్ర పెన్సిలు ఇచ్చింది.

కార్తీకమాసంలో మా అత్తగారు బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్ నుంచి మా ఇంటికి వచ్చారు. బల్ల దగ్గర నిలబడి నా బొమ్మను చాలాసేపు చూశారు.

"ఏటి బాబూ ఇది, ఇంత బాగా గీత్తన్నారు?"

"కాలేజీదండి అత్తయ్యగారూ. పురుగు... కీలు" అన్నాను.

సోమవారం పొద్దున డ్యూటీకి బయలుదేరి తలుపు తీశాను. గుమ్మం ముందు మూరెడు ముగ్గు, నా చిమ్మట బొమ్మే. కొక్కెం, దవడలు, గొట్టం అన్నీ బియ్యప్పిండితో, కండరాలు కుంకుమతో, ఎక్కడివక్కడ. ఎదురింటావిడ మొబైల్‌తో ఫోటో తీసుకుంటోంది.

"బహుత్ సుందర్ హై, ఆంటీ. ఏ గుడి డిజైన్?"

"గుడి కాదమ్మా, మా అల్లుడు గీసేడు" అన్నారు అత్తగారు గర్వంగా.

చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తాను. నా భార్య వచ్చి చూసి, గోడ పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "ఎడమ దవడ కొంచెం పెద్దదయిందమ్మా" అంది. ఎదురింటావిడ వెళ్లిపోయాక వాళ్లమ్మ చెవిలో సంగతి చెప్పింది.

అత్తగారు ముగ్గు వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు. నేను టిఫిన్ క్యారియర్ మూత బిగించుకుంటూ నిలబడ్డాను.

"కీలన్నారు గదా బాబూ" అన్నారు.

"తుడిచేద్దామా అమ్మా?"

"కార్తీక సోమారం ఏసిన ముగ్గు తుడుత్తామేటే? దానికి దేవుడిచ్చిందే గదా, మనం పెట్టేమా?"

శుక్రవారం ఎదురింటి గుమ్మంలోనూ అదే ముగ్గు వెలిసింది, రంగులతో, గొట్టం కొసన ఒక దీపంతో. మేం ముగ్గురం తల దించుకుని దాటబోయాం. అత్తగారు మాత్రం వెనక్కి తిరిగి, "కొక్కెం ఇంకొంచెం ఒంచాలమ్మా" అని చెప్పి వచ్చారు.

ఆ సాయంత్రం ఆవిడే అడిగి మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. చాలాసేపు కన్ను తీయలేదు.

"మరి ఆడదానికేటీ నేదా?" అన్నారు చివరికి.

"ఎందుకు లేదమ్మా, ఇంకా ఎక్కువే ఉంది" అంది నా భార్య.

ఆ బొమ్మలూ నేనే గీశాను. గీసినవి గీసినట్టే బీరువాలో పెట్టి తాళం వేశాను.