నేను ఎలుగుబంటినైన బుధవారం

పోయిన శ్రావణమాసంలో రెండో బుధవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నేను ఎలుగుబంటినయ్యాను. గోడ గడియారం నా మంచానికి ఎదురుగానే ఉంది కాబట్టి వేళ విషయంలో నాతో వాదన వద్దు. ఈ రోజు కోడలు పెసర్లు ఏరుతూ ఒక రాయిని స్టీలు టిఫిను మూతలో పడేసింది. టక్కుమని చప్పుడైంది. నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. పాచిక పడినప్పుడు వచ్చే చప్పుడు అదే. వెంటనే కాగితం తెచ్చుకుని కూర్చున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మెల్లగా రాస్తాను, ఉన్నదున్నట్టు రాస్తాను. రాయవలసింది స్వప్న గురించి.

నాది మేడిపల్లి. వయసంతా తాటిచెట్లెక్కి కల్లు గీసినవాణ్ణి. మూత్రపిండాలు రెండూ పని మానేశాక, సోమ, బుధ, శుక్రవారాలు జగిత్యాల దవాఖానాలో రక్తం కడిగే మిషను పక్కన పడుకోవలసి వచ్చింది. పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఎడమచేతిలో సూదులుంటాయి, ఆ చెయ్యి కదపరాదు. నీళ్లు గొంతు తడుపుకునేందుకే తాగాలి. కల్లు మాట తలవనే కూడదు. నా కుడిపక్క మంచం రాజమౌళిది. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపీ నడిపీ చెవులు మందమైనవాడు. జగిత్యాలలో బిడ్డ ఇంట్లో ఉండేవాడు. ఎడమపక్క మంచానికి ఒకనాడు స్వప్న వచ్చింది. కోరుట్ల పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. హైదరాబాదులో కంప్యూటరు ఆటలకు బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తూ, జబ్బు పడి తల్లి దగ్గరికి తిరిగొచ్చింది. నాకు మొదట ఆమె నచ్చలేదు. మిషను పక్కన పడుకుని నవ్వే మనిషి ఎవరికి నచ్చుతుంది?

నాలుగు రోజులు చూసి, ఆమె సంచిలోంచి ఒక పాచిక తీసింది. మన పచ్చీసు పాచికలాంటిది కాదు. ఇరవై ముఖాలు, ముఖానికొక అంకె.

"కాక, ఆట ఆడ్తవా?"

"పత్తాలా?" పేకముక్కలేమో అనుకున్నాను.

"కాదు. నేను కత చెప్త. గా కతల మీరుంటరు. మీరేం జేస్తరో మీరే చెప్పాలె. అది అయితదా కాదా అన్నది గీ పాచిక చెప్తది."

"నాకు ఉత్తగ పండుకునుడే మంచిగుంది," అన్నాను.

అవతలి నుంచి రాజమౌళి గట్టిగా అన్నాడు. "గౌడ్‌కు భయమైతున్నట్టుంది బిడ్డా. నేనొక్కన్నే ఆడ్త."

అంతే, ఆడక తప్పలేదు. రాజమౌళి ఒళ్లంతా ఇనుము తొడుక్కున్న భీమన్న అనే యోధుడయ్యాడు. నన్నేమో ఆమె డ్రూయిడ్‌ను చేస్తానంది. డ్రూయిడ్ అంటే అడవిని కొలిచే మనిషి. చెట్లతో మాట్లాడతాడు, మంత్రం వేసి నేలలోంచి వేర్లు లేపుతాడు, కావాలనుకున్నప్పుడు జంతువుగా మారతాడు. ఇనుప కవచం తొడగడు, తోలుతో సరిపెట్టుకుంటాడు. నేను వాడికి మోదుగయ్య అని పేరు పెట్టాను. ఇక వాడి గుణాలు రాయాలి. నాకు రాదని చెప్పాను.

"నీ మనిషిని నేను రాయ కాక. నువ్వే రాయాలె."

"అక్షరం ముక్క రాదంటున్న గద."

"మరి నేర్సుకో. నాలుగు గంటలు ఏం జేస్తవ్ ఈడ?"

అట్లా నేర్చుకున్నాను. ఆరు గుణాలు, ఆరు మాటలు. బలం, చురుకు, ఒంటి గట్టితనం, చదువు, వివేకం, మాటకారితనం. వాటి కోసం ఎదురుచూస్తూ బస్సెక్కిన రోజులున్నాయి. బస్టాండులో బోర్డు మీద 'బ' కనబడితే పాత దోస్తును చూసినట్టయ్యేది. పాచిక మీద పడినదానికి కలుపుకునే ఆరు అంకెలు ఇచ్చి, ఏ గుణానికి ఏ అంకె పెట్టుకుంటావో పెట్టుకోమంది. అన్నింటికన్నా పెద్దది తీసుకెళ్లి బలం పక్కన రాశాను. చెట్టెక్కేవాడికి బలం కాక ఇంకేం కావాలి?

ఆమె చూసి తల పట్టుకుంది. ఒక చెయ్యే ఖాళీ కాబట్టి సగం తలే పట్టుకుంది.

"కాక, నువ్వు ఎలుగుబంటివైనంక బలం ఎవలిది?"

"ఎలుగుబంటిది."

"మరి నీ సొంత బలం గప్పుడు ఏం జేసుకుంటవ్? నీ మంత్రాలన్ని వివేకం మీద నడుస్తయ్. పెద్ద అంకె గాడ పెట్టు. గా తర్వాతిది ఒంటి గట్టితనానికి పెట్టు. దెబ్బ తిన్నా మంత్రం పట్టు జారకుండ చూసేది గదే. బలానికి మిగిలింది పడెయ్."

మోదుగయ్యను బలహీనుణ్ణి చేయడానికి నాకు చేతులు రాలేదు. రెండు రోజులు వాదించాను. మూడో రోజు కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాను.

ఆట మొదలయ్యాక నేను చేసిన మొదటి పని విని ఇద్దరూ నవ్వారు. దొంగల గుడారాలు ఎక్కడున్నాయో చూడాలి. అడవిలో ఒక పెద్ద చెట్టుంది. ఎక్కమన్నారు. ఎక్కనన్నాను. మా దగ్గర చెట్లు పంచుకుంటాం. ఒకరి వంతు చెట్టును ఇంకొకరు ముట్టరు. అడగకుండా పరాయి చెట్టెక్కిన గీత కార్మికుణ్ణి మా ఊళ్లో దొంగ అంటారు.

"అది ఎవలి వంతు చెట్టో ఎరుకలేకుంట నేనెక్క," అన్నాను.

"ఏ, అది కతల చెట్టు, ఎక్కవయ్యా," అన్నాడు రాజమౌళి.

స్వప్న నవ్వు ఆపేసింది. మెడ ఎత్తి నా వైపు చూసింది. "అయితే ఎవల్ని అడుగుతవ్ కాక?"

అడవిలో మనిషి లేడు. "చెట్టునే అడుగుత," అన్నాను.

"అడుగు. నీకు గా మంత్రమున్నది," అంది. ఆమె గొంతు మారిపోయింది. చెట్టయి మాట్లాడింది. దొంగలు ఎటు పోయారో, గుహలో ఎవరి పిల్లలు దాక్కున్నారో అన్నీ చెప్పింది. చెట్టెక్కే పనే లేకపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తింటూ ఈ సంగతి కోడలికి చెబితే, మామకు జ్వరమేమోనని నుదురు ముట్టి చూసింది.

ఒక్క నియమం మాత్రం నా తలకెక్కలేదు. కొన్ని మంత్రాలు వేసి వదిలేస్తే చాలదు, పట్టుకునే ఉండాలి. అట్లాంటిది ఒక వేళకు ఒకటే పట్టుకోగలవు. రెండోది పడితే మొదటిది జారుతుంది. వేర్లు పట్టుకున్నవాడు పిడుగు పట్టలేడు. నేను రెండూ కావాలని పోట్లాడేవాణ్ణి.

"కాక, చెట్టు మీద నిన్ను పట్టేది ఏంది?"

"మోకు." మోకు అంటే చెట్టుకూ మనిషికీ కలిపి చుట్టే తాడు.

"ఒక మోకుతోని రెండు చెట్లెక్కుతవా?"

ఆ రోజు నుంచి మోదుగయ్య మంత్రాన్ని మేము మోకు అనే పిలిచాం. ఇంకో కిటుకు కూడా చెప్పింది. ముందు మనిషిగా ఉండి మోకు వెయ్యాలి, ఆ తర్వాత జంతువు కావాలి. జంతువుకు కొత్త మంత్రం వేయడం రాదు గాని, వేసిన పట్టు నిలుపుకోవడం వస్తుంది. మంచి డ్రూయిడ్ అంటే ఇదే. మిగతాదంతా సోకు.

ఇప్పుడు ఆ బుధవారానికి ముందటి సోమవారం సంగతి. దొంగలు గుహ మీదికి వచ్చారు. లోపల పిల్లలు. గుహ వాకిట్లో భీమన్న ఒక్కడే. నేను మంత్రం వేసి వేర్లు లేపాను. దొంగల కాళ్లకు వేర్లు చుట్టుకున్నాయి. అప్పుడే మా నాలుగు గంటలు అయిపోయి ఆట ఆగింది. సూదులు తీస్తున్న సిస్టర్ లతతో, నేను ఎప్పటి నుంచో అనుకుంటున్న మాట అన్నాను.

"బుధవారం నా మంచం ఎవలికన్న ఇయ్యి బిడ్డా. నేను రాను. ఇగ చాలు."

మిషను మానేస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అలసిపోయాను, అంతే. లత చెప్పవలసినవన్నీ చెప్పింది. రాజమౌళి మొహం గోడకు తిప్పుకున్నాడు. స్వప్న బతిమాలలేదు.

"కాక, వేర్లు పట్టుకున్నది ఎవలు?"

"నేనే."

"నువ్వు లేకపోతే ఉండయ్. గుహల పిల్లలున్నరు. మోకు ఇప్పుకుంట అంటే నీ ఇష్టం, నేను కాదన. గని ఇప్పేదుంటే నువ్వే వచ్చి ఇప్పాలె."

నేను బస్సెక్కాను. మంగళవారమంతా వాకిట్లో మంచం మీద పడుకున్నాను. పిచ్చి ఆట, లేని పిల్లలు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ నా పిడికిలి బిగుసుకునే ఉంది. వదిలితే వేర్లు జారిపోతాయన్నట్టు.

బుధవారం మొదటి బస్సుకే పోయాను. స్వప్న నన్ను చూసి, "వచ్చినవా," అంది. సూదులు గుచ్చాక, "దొంగల సర్దారు కత్తితోని వేర్లు కోస్కొని బయటపడ్డడు. నీ మీదికి గొడ్డలి ఇసిరిండు. తాకింది. పట్టు నిలుస్తదా చూడాలె. పన్నెండు గావాలె," అంది.

టిఫిను మూతలో పాచిక వేశాను. పాచిక మూత అంచుకు కొట్టుకుని ఎగిరి, రాజమౌళి మిషను కిందికి దొర్లింది. మేం ముగ్గురం సూదులతో కట్టేసి ఉన్నాం, లేవలేం. చప్పుడు చేస్తున్నామని రోజూ కసిరే లత, వంగి మోకాళ్ల మీద కూర్చుని మిషను కిందికి చూసింది.

"పదకొండు," అంది.

లతే మళ్లీ అడిగింది. "పదకొండంటే మంచిదేనా?"

"కాక, ఒంటి గట్టితనానికి ఎంత కలుస్తది?" అంది స్వప్న.

కాగితం ఎత్తి, నా చేత్తో నేను రాసుకున్నది నేనే చదివాను. "రెండు."

పదమూడు. వేర్లు నిలిచాయి. దొంగలందరూ వాటిలోనే ఉన్నారు. సర్దారు ఒక్కడు గుహ వైపు పరుగెత్తాడు. "పిడుగెయ్యి గౌడా, పిడుగెయ్యి," అని రాజమౌళి మంచం మీద నుంచి సగం లేచాడు.

"పిడుగు పడితే వేర్లు జారుతయ్," అన్నాను. "ఒక మోకు, ఒక చెట్టు. నేను ఎలుగుబంటినైత."

గడియారం చూశాను. పదకొండు పది. ఒళ్లంతా బొచ్చు మొలిచింది. నన్ను నమ్మితే నమ్మండి. సర్దారు గుహ దాకా చేరలేదు.

తర్వాత కొన్ని నెలలకు స్వప్నకు వాళ్లమ్మ తన మూత్రపిండం ఇచ్చింది. ఆపరేషన్ మంచిగానే అయింది. జనం మధ్యకు, అందులోనూ దవాఖానాకు, పోవద్దని డాక్టర్లు చెప్పారట. కోరుట్లలోనే ఉంది, నేను మళ్లీ చూడలేదు. ఆపరేషన్‌కు పోయే ముందు పాచిక నా మూతలో వేసి, "ఇగ కత నువ్వు చెప్పు కాక," అంది. చెబుతున్నాను. ఆ మంచం మీదికి ఇప్పుడు బుగ్గారం నుంచి లచ్చవ్వ వస్తుంది. డ్రూయిడ్ అవుతానని, పెద్ద అంకె తీసుకెళ్లి బలం పక్కన పెట్టింది. ఎలుగుబంటివైనాక బలం ఎవరిదని అడిగాను. ఇంకా వాదిస్తూనే ఉంది. వాదించనీ. ఆ వాదన తేలేదాకా సోమ, బుధ, శుక్రవారాలు వస్తుంది. బస్సెక్కబుద్ధి కాని పొద్దులు నాకు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు పిడికిలి బిగించి చూసుకుంటాను. మోకు విప్పడమైతే అక్కడికే పోయి విప్పుతానని బయలుదేరతాను.

ఆ బుధవారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. కోరుట్ల స్వప్న. సిరిసిల్ల రాజమౌళి. నేల మీద మోకాళ్లు ఆనించి అంకె చదివిన సిస్టర్ లత. గుహ వాకిట్లో భీమన్న, వేర్ల దగ్గర మోదుగయ్య, లోపల పేర్లు పెట్టని పిల్లలు. ఇంకా మేడిపల్లి నర్సాగౌడ్, రానన్నవాడు.