అత్త చదవని ఒక్క మాట

ఆ రోజుల్లో, అంటే ఊరూరా పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పిన తొంభైల మొదట్లో, మా మేనత్త పరీక్షలో భయంతో మూగబోయిందనీ, డిగ్రీ చదివిన నేనే సారుతో వాదించి ఆమెను గట్టెక్కించాననీ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాదించిన మాట నిజమే (వాదించనిదే నాకు అన్నం అరగదు). మిగతాదంతా అబద్ధం. చొప్పదండి దగ్గర పల్లెలో, మధ్యాహ్నం పూట అత్త వాకిట్లో పదిమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుడుతుంటే నేను పలక మీద రాసి చూపించేదాన్ని. ఒకరు తప్పు చదివితే పదిమందీ నవ్వేవారు. ఆ నవ్వు కోసమే పక్క వాడకట్టు నుంచి కూడా వచ్చేవారు. అత్తది మాత్రం పట్టుదల. కరీంనగర్‌లో బోర్డు చదవలేక వేరే బస్సెక్కి హుస్నాబాద్ దాకా పోయొచ్చిన మనిషి. పరీక్ష తప్పితే మళ్లీ మొదటి పుస్తకమే. "గది మల్ల సదువుమంటే నేను రాను పిల్లా, నా ఇజ్జత్ పోతది" అని ముందే చెప్పేసింది.

పరీక్షకు వచ్చిన సారు పుస్తకం తెరిచి చూపించారు. "మల్లయ్య పొలం దున్నాడు" అని ఉంది. అత్త గొంతు సవరించుకొని, వేలు పెట్టి, "మా ఇంటాయన పొలం దున్నాడు" అని చదివింది.

"అట్ల లేదమ్మా. చూసి చదువు."

మళ్లీ ఇంటాయనే దున్నాడు. "బట్టీ పట్టింది" అని సారు పెన్ను తీశారు. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

"అయ్యో సారూ, గది ఆమె పెనిమిటి పేరు! ఎట్లంటది?" అంది పక్కింటి వదిన.

"పుస్తకంల ఉన్నదే చదవాలె" అన్నారు సారు.

(ఇన్నాళ్లూ నాకెందుకు తెలియలేదంటారా? పదిమంది ఒక్కసారే చదువుతుంటే, ఒక్క మాట దగ్గర ఒక్క గొంతు తగ్గిందని ఎవరు కనిపెడతారు?)

"గీయన వేరే మల్లయ్య, అత్తా! అంటే ఏమైతది?" అన్నాను.

"పెండ్లి గానిదానివి, నీకేం ఎరుక! మీ మామ ఆయుష్షు తగ్గితే నువ్వు తెచ్చిస్తవా?"

నేను అటు సారుకు ఆచారాల గురించీ, ఇటు అత్తకు ఆడవాళ్ల స్వేచ్ఛ గురించీ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇద్దరూ వినలేదు. ఈలోగా అత్త నా చేతిలోని పలక గుంజుకొని, దాని నిండా 'మల్లయ్య' అని రాసి సారు వైపు తిప్పింది.

"నోటితోటి అనద్దన్నరు గని, రాయద్దని ఎవలన్లే."

సారు పకపకా నవ్వి, పాసని రాశారు. ఆ నవ్వుల్లో ఎవరి చాటలోని బీడీలు ఎవరి చాటలో పడ్డాయో ఎవరికీ తెలియదు.

నాకు పెళ్లయి ఇరవయ్యేళ్లు దాటింది. మా ఆయనతో ఉప్పు దగ్గర్నుంచి ఓటు దాకా వాదిస్తాను, ఒక్కసారీ ఓడలేదు. పేరు పెట్టి పిలవాలని నోరు తెరిస్తే మాత్రం "ఇగో, జర ఇటు రాండ్రి" అనే వస్తుంది. అత్తను ఆయుష్షు భయం ఆపింది, సరే. ఏ భయమూ లేని నన్ను ఏది ఆపుతున్నట్టు?