పాతర తెరిచినవాళ్లు

ఎనభైల మొదట్లో నేను కుందుర్పి దగ్గర ఒక ఊళ్లో సోషల్ మాస్టరుగా ఉండేవాణ్ణి. పుట్టి పెరిగిందీ ఆ ఊళ్లోనే. బడి వార్షికోత్సవంలో చదవడానికి ఊరి చరిత్ర రాయమని హెడ్మాస్టరు నాకు పురమాయించాడు. నాకు రాత వచ్చునని అప్పట్లో కొంచెం పొగరు కూడా ఉండేది. ఊరి సావుకారు ఇంటికి వెళ్లి, ఆయన చెప్పిందంతా రాసుకుని, దానికి బరువైన మాటలు తొడిగాను.

మధ్యాహ్నం అమ్మ వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. చదువు రాకపోయినా, నేను రాసింది వినడం ఆమెకు ఇష్టం. నా పసితనంలో వచ్చిన కరువు ఘట్టం దగ్గర గొంతు పెంచి చదివాను: "ఒక రాత్రి దుండగులు సావుకారు గారి పాతరను కొల్లగొట్టి జొన్నలు దోచుకుపోయారు." పాతర అంటే నేలలో గొయ్యి తవ్వి, గింజలు పోసి, పైన బండ మూసి దాచేది.

"రాత్రి కాదప్పా," అంది అమ్మ, ఒలవడం ఆపకుండా. "బండ తీస్తానే దిగితే లోపలి గాలికి పానం పోతాది. పొద్దున్నే తీసి, ఎండెక్కేదాకా కాచుకోని దిగినాం."

చేతిలో కాగితం దించాను. "నువ్వు కూడానా అమ్మా?" అన్నాను.

"మరి నీకేం పెట్టేది? ఏడ్సేకి కూడా ఓపిక లేకుండా పడుంటివి. ఏడుమంది ఆడోళ్లం పోయినాం. ఆ సంగటి తినే నువ్వు లేసి కూచుంటివి."

దుండగులు! ఎంత ముచ్చటపడి రాసుకున్న మాట అది. సిగ్గుతో కొట్టేసి, ఆ ఊపులోనే "వీరవనితలు" అని రాసి వినిపించాను. అమ్మ మొహం చిట్లించింది.

"పాతర కాడ కావలుండే ఆయప్ప కుడిచెయ్యి ఇరిగింది. అది యాడ రాసినావు?"

"సావుకారు చెప్పలేదే."

"యాల చెప్తాడు? చెయ్యి ఇరిగినోడు పనికిరాడని ఎళ్లగొట్టినాడు గదా."

"ఎవరు విరిచారు?"

అమ్మ చేతిలోని కాయలు కింద పెట్టింది. "నేనే. రోకలితో కొట్టినా."

చీమకు కూడా హాని తలపెట్టదని నేను అందరికీ చెప్పుకునే మనిషి ఆమె.

మళ్లీ మొదటినుంచి రాశాను. ఆకలికి తాళలేక ఏడుగురు ఆడవాళ్లు పట్టపగలు పాతర తెరిచి జొన్నలు తీసుకున్నారనీ, వారిలో ఒకరు కావలివాడిని రోకలితో కొట్టి కుడి చెయ్యి విరిచారనీ, సావుకారు అతన్ని పనిలోంచి తీసేశాడనీ రాశాను. తిట్టూ లేదు, పొగడ్తా లేదు. ఎవరి పక్కకూ ఒరగలేదని తృప్తిపడుతూ చదివి వినిపించాను.

"ఆ ఒకరు ఎవరు?" అని అడిగింది అమ్మ.

"ఎవరైతే ఏంలే అమ్మా."

"ఆయప్ప బతికే ఉండాడు. ఈపొద్దుకీ ఎడమ చేత్తోనే సంగటి తింటాండాడు. సభకొచ్చి ముందర కూచుంటాడు. నా పేరు రాయి."

ముఖం తెలియని వాళ్లను దుండగులని రాసినప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. అమ్మ పేరు రాయడానికి సాయంత్రం దాకా పట్టింది. సభలో నేను ఆ వాక్యం చదువుతున్నప్పుడు అమ్మ వెళ్లి ఆ కావలాయన పక్కన కూర్చుంది.