యాభై రూపాయల పరుగు

ఆ కరపత్రాన్ని మా అమ్మాయి స్వరూపకు వాళ్ల డ్రిల్లు మాస్టారు ఇచ్చాడు. హైదరాబాదు పాతబస్తీలో పెద్ద పరుగు పందెమట. చార్మినార్ దగ్గర బయలుదేరి, ఫలక్‌నుమా, జహనుమా చుట్టి, గౌలిపుర మీదుగా మళ్లీ చార్మినార్ చేరాలి. ఆడపిల్లల్లో మొదటి ముగ్గురికి ఏడాది పాటు ఉచితంగా శిక్షణ, హాస్టలు వసతి. దారి పొడవునా మంచినీళ్లు, డాక్టరు, పైగా బనియను, ఫలహారం, ప్రశంసాపత్రం. అసలు సంగతి అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది. ప్రవేశ రుసుము యాభై రూపాయలు.

నేను కాజీపేట స్టేషనులో పార్సిల్ గుమాస్తాను. మూట గలవాడు చెప్పే బరువు ఒకటి, కాటా మీద తూగే బరువు ఇంకొకటి అని ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాణ్ని. ఎవరైనా ఉచితం అన్నారంటే నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. పరిగెత్తడానికి డబ్బు కట్టడమేమిటో నాకు ఎంతకీ బోధపడలేదు. దమ్ము పిల్లది, కాళ్లు పిల్లవి, రోడ్డు సర్కారుది. మరి వీళ్లు అమ్మేదేమిటి?

స్వరూప అప్పుడే పదో తరగతి పాసైంది. టైపు నేర్పిద్దామని నా ఆలోచన, పరుగు తప్ప ఇంకేమీ వద్దని దాని పట్టు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మొదటి ముగ్గురిలో వస్తే శిక్షణకు పంపాలి, రాకపోతే మర్నాడే టైపు ఇన్‌స్టిట్యూటులో చేరాలి. కాన్వాసు బూట్లు కొనిపెట్టమని ఏడాదిగా అడుగుతోంది. వాటి ధరా ఇంచుమించు అంతే.

"బూట్లా, ఫీజా? ఒక్కటి చెప్పు" అన్నాను.

"ఫీజే కట్టు బాపూ. ఉత్తకాళ్లతోని ఉరుకుడు నాకు అలవాటే" అంది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి పాసింజరు ఎక్కాం. రైల్వే పాసు ఉంది కాబట్టి మాకు టిక్కెట్టు ఖర్చు లేదు. జనగామలో అల్లనేరేడు పండ్ల గంపతో ఒకాయన ఎక్కి మా ఎదుట కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఉరకనీకి పైసలు కట్టుడేందన్నా? బస్సు తప్పిపోతే మేం రోజూ పుక్కట్ల ఉరుకుతం" అన్నాడు.

నా మనసులో మాట ఆయన నోట వచ్చినందుకు సంతోషమేసి పావుకిలో పండ్లు కొన్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిన్నాక నోరు నల్లబడేదాకా ఇద్దరం ఆ పండ్లు తిన్నాం.

సికింద్రాబాదులో దిగి సిటీబస్సు పట్టుకుని చార్మినార్ చేరేసరికి దీపాలు పెట్టారు. గాజుల దుకాణాల వెలుతురులో స్వరూప కళ్లు తిప్పుకోలేకపోయింది. నేను మాత్రం సంచిని కడుపుకు అదుముకుని నడిచాను. పత్తర్‌గట్టి వెనక సందులో ఒక లాడ్జి దొరికింది. గదికి పదిహేను రూపాయలు, స్నానానికి వేణ్నీళ్లు వేరే. మేనేజరు ముసలాయన కళ్లద్దాల పైనుంచి స్వరూపను, తర్వాత నన్ను చూశాడు.

"యే బచ్చీ కౌన్?"

"నా బిడ్డ."

"సుబూత్ హై?"

రుజువు కావాలట. కుటుంబం పేర్లున్న రైల్వే పాసు చూపించాను. దాన్ని దీపానికి ఎత్తిపట్టి ముద్ర అసలుదో కాదో చూశాడు. నన్ను మించిన అనుమానప్పక్షి భూమ్మీద ఉన్నాడని ఆ రోజే తెలిసింది. కోపం రాలేదు, గౌరవం కలిగింది.

ఆదివారం తెల్లవారి ఆరింటికి పందెమన్నారు. ఐదున్నరకే వెళ్లాం. షామియానా కింద బల్ల, బల్ల వెనక తెల్లటోపీ పెట్టుకున్న నడివయసు మనిషి. పందెం పెట్టిన క్లబ్బు తరఫున ఆయనే అంతా చూస్తున్నాడు. స్వరూపకు అంకె రాసిన గుడ్డ, పసుపుపచ్చ బనియను ఇచ్చాడు. బనియను అంచు నలిపి చూస్తే బొటనవేలికి రంగంటింది.

"రంగు పోతున్నది సాబ్" అన్నాను.

"మంచి రంగే సార్, జర కొత్తది గద" అన్నాడు నవ్వుతూ.

ఆరు దాటింది, ఏడు దాటింది. జెండా ఊపవలసిన పెద్దమనిషి రాలేదు. అది ఆషాఢం చివరి ఆదివారం, పాతబస్తీలో బోనాల పండుగ. వానలు మొహం చాటేశాయి. లాల్‌దర్వాజా వైపు మైకులో పాటలు, డప్పులు మొదలైనా మా పందెం మొదలు కాలేదు. చివరికి తొమ్మిది దాటాక ఆ పెద్దమనిషి కారు దిగాడు, జెండా ఊపాడు, కారెక్కాడు. అప్పటికి ఎండ నెత్తిన పడుతోంది.

స్వరూప అటు పరిగెత్తగానే నేను సైకిల్ రిక్షా ఎక్కి గౌలిపుర వెళ్లాను. మంచినీళ్లు పెట్టే చోట్లలో గౌలిపుర మూల ఒకటని కరపత్రంలో ఉంది. నిజమో కాదో చూడాలి కదా. బల్ల ఉంది, బల్ల మీద డ్రమ్ము ఉంది. మూత ఎత్తి చూశాను. అడుగున తడి మాత్రమే ఉంది. నా అనుమానం నిజమైనందుకు, చెప్పొద్దూ, కాస్త తృప్తిగానే అనిపించింది.

గౌలిపుర పాలవాళ్ల పేట. ఇంటికో బర్రె, గుమ్మానికో వేపమండ. ఆ రోజు ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు నీళ్ల బిందెలతో నిలబడి ఉన్నారు. నెత్తిన బోనమెత్తుకుని వచ్చే ఆడవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి చల్లబరచడం అక్కడి ఆచారం. అమ్మవారే నడిచి వస్తున్నట్టు లెక్క.

మగవాళ్లు ఒక గుంపుగా పోయారు. కాసేపటికి ఇద్దరమ్మాయిలు, ఇద్దరి కాళ్లకూ తెల్లబూట్లు. ఆ వెనకే మా స్వరూప. మూడోది! జుట్టు విడిపోయి భుజాల మీద పడింది. చెమటకు బనియను రంగు కరిగి మోకాళ్ల దాకా పసుపు చారలు కారాయి. నాకు ఒళ్లు పులకరించింది. సరిగ్గా అప్పుడే, రోడ్డుకు అవతలి వైపు ఒక ముసలమ్మ బిందెతో ముందుకొచ్చింది. స్వరూప ఆగిపోయింది. ముసలమ్మ దాని పాదాల మీద నీళ్లు పోసింది. పక్కింటావిడ ఇంకో బిందె తెచ్చి పోసింది. ఎవరో నుదుట కుంకుమ దిద్దారు.

పసుపు ఒళ్లు, విరబోసిన జుట్టు చూసి అమ్మవారు పూనిందనుకున్నారని నాకు అర్థమైపోయింది. "ఉరుకు బిడ్డా" అని అరిచాను. మధ్యలో డప్పులవాళ్లు, నా గొంతు ఎవరికి వినబడుతుంది? తెల్లమేజోళ్ల పిల్ల ఒకతి స్వరూపను దాటిపోయింది. ఆ తర్వాత గాని మా పిల్ల కదలలేదు.

నాలుగోదిగా వచ్చింది. ప్రశంసాపత్రం, ఒక అరటిపండు, ఆకులో ఇంత ఉప్మా చేతిలో పెట్టారు. స్వరూప షామియానా పక్కనున్న మెట్టు మీద కూర్చుని ఉంటే తెల్లటోపీ ఆయన నా దగ్గరికొచ్చాడు.

"మీ పిల్లకు దమ్ము మస్తుంది సార్. ముగ్గురే అన్నం గని, ఈ పిల్లను గూడ తీసుకుంటం. పేరు రాయించుండ్రి. కాకుంటే బూట్లు గావాలె. ఉత్తకాళ్లతోని నేను ఉరకనియ్య."

"బూట్లు యాడ కొనాలె?" అన్నాను.

"పత్తర్‌గట్టిల మస్తు దుకాన్లున్నయి."

"అండ్ల మీ బావమరిదిది ఏదన్న ఉన్నదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "సాయంత్రం దాక ఈడనే ఉంట. ఆలోచన జేసి రాండ్రి" అని మాత్రం అన్నాడు.

ముగ్గురన్నవాడు నలుగురంటున్నాడంటే, చీటీలో రాసినదానికంటే మూట బరువు తూగినట్టే. లోపల ఏదో దాచి ఉంటారు. "రాయిద్దాం బాపూ" అని స్వరూప మెల్లగా అంది. గమ్మునుండమన్నాను. ముందు నా కోపం ఆ ముసలమ్మ మీద తీర్చుకోవాలి. దగ్గరే కదా అని గౌలిపుర దాకా నడిపించాను. స్వరూప రెండు మూడు చోట్ల గోడ పట్టుకుని ఆగింది. అలసట అనుకున్నాను.

ముసలమ్మ పేరు మల్లమ్మ. ఇంటి ముందు బర్రెకు కుడితి పెడుతోంది. స్వరూపను చూడగానే బకెట్టు కింద పెట్టి, "అచ్చినవా బిడ్డా, రా కూసో" అంది.

నేను నిలబడే అడిగాను. "అవ్వా, మా పిల్ల అమ్మోరు గాదు. యాభై రూపాయలు కట్టి ఉరికింది. నువ్వు ఆపి నీళ్లు పోసుడుతోని మూడోది గావాల్సింది నాలుగోదయింది. నీ మొక్కులకు మా పిల్లనే దొరికిందా?"

మల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మోరని నేనెందుకనుకుంట? నెత్తిమీద బోనమున్నదా, చేతిల యాపకొమ్మ ఉన్నదా? నీ బిడ్డనే అడిగింది."

"ఏమని?"

"అవ్వా, కాళ్ల మీద జర నీళ్లు పొయ్యవా అని. తాగనీకి గాదు, కాళ్లకడిగింది. తారు కాలుతుంటే ఎగురుకుంట అచ్చింది పిల్ల. నువ్వు తండ్రివేనా? అరికాళ్లు చూసినవా?"

చూడలేదు. స్వరూప పాదాలు వెనక్కి లాక్కుంది. నేను కింద కూర్చుని ఒక కాలు చేతిలోకి తీసుకున్నాను. మడమ దగ్గర, వేళ్ల కింద బొబ్బలు లేచి, చిట్లి, చర్మం వేలాడుతోంది. ఆ కాళ్లతోనే పందెం ముగించింది, ఆ కాళ్లతోనే నా వెంట గౌలిపుర దాకా నడిచింది. బనియను రంగు పరీక్షించాను, నీళ్ల డ్రమ్ము మూత ఎత్తి చూశాను. పిల్ల కాళ్లు చూడాలని మాత్రం నాకు తోచలేదు.

మల్లమ్మ ఉట్టి మీది వెన్న తెచ్చి పాదాలకు రాసింది, పాత చీర చింపి కట్లు కట్టింది. తర్వాత ఇద్దరికీ వేడన్నం, మాంసం కూర వడ్డించింది. తిని లేచి, అలవాటు కొద్దీ, "ఎంతియ్యాలె అవ్వా?" అన్నాను.

"పండుగ పూట బువ్వకు రేటు గట్టుడేంది? నీ తీరే మంచిగ లేదు కొడుకా" అంది.

నాలుగున్నరకు రిక్షాలో చార్మినార్ చేరాం. షామియానా విప్పేశారు. ఒకతను వెదురుగడలు బండికెత్తుతున్నాడు. టోపీ సాబు ఎక్కడని అడిగాను.

"గిప్పుడే పాయె అన్నా. కుర్చీలు ఎత్తేసినం గూడ, ఆ మెట్టు మీదనే కూసున్నడు. కాజీపేటోళ్లు అస్తరు, జర ఆగుతా అన్నడు."

స్వరూప నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

పత్తర్‌గట్టిలో నాలుగు దుకాణాలు తిరిగి తెల్లకాన్వాసు బూట్లు కొన్నాను. ఏడు గంటల పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. భువనగిరి దాటాక స్వరూప కట్లు విప్పి బూట్లు తొడుక్కోబోయింది. కాళ్లు వాచిపోయాయి, పట్టలేదు. మళ్లీ కట్లు కట్టుకుని, బూట్ల జత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇలాంటి పందేలకు పోవాలనుకునేవాళ్లు ఫీజు దండగా కాదా అని నన్ను అడగవచ్చు. యాభై రూపాయలకు నా చేతికొచ్చినవి రంగు వెలిసే బనియను, అరటిపండు, ఉప్మా, ఒక కాగితం. కాటా మీద పెడితే ఐదు రూపాయలు కూడా తూగవు. నీళ్లు, వెన్న, అన్నం ఫీజులో లేవు. మెట్టు మీద కూర్చుని మాకోసం ఎదురుచూసిన ఆ మనిషిని మాత్రం ఏ లెక్కలో వెయ్యాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

కరపత్రం మడత విప్పి చూశాను. అడుగున క్లబ్బు చిరునామా ఉంది.

"మంగళవారం నాకు సెలవు. నేనే పోయి పేరు రాయిస్త" అన్నాను.

స్వరూప బూట్ల తాళ్లు ముడివేస్తూ, "మళ్ల ఫీజడిగితే?" అంది.

"కడత. రసీదు మాత్రం తీసుకుంట."

అప్పుడు నవ్వింది. దాని కాళ్లు రెండూ ఎత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను. కాజీపేట వచ్చేదాకా దించలేదు.