ఆషాఢంలో మా ఇంటికి వచ్చినవాడు

ఇన్నేళ్ళూ ఈ మాటను మింగుకుంటూ వచ్చాను. తిండి సహించని రోజులున్నాయి, నిద్ర పట్టని రోజులున్నాయి, అయినా నోరు విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఒక్క అబద్ధంతో ఒక బిడ్డకు తండ్రి లేకుండా చేశాను.

అరవైల్లో మాట. మా పుట్టిల్లు రేపల్లె. నాన్నగారు పోయాక బియ్యం మిల్లు మా తమ్ముడు సాంబు చూసుకునేవాడు. నేను కాపురముండేది బాపట్లలో. వాడికి పెళ్ళి కూడా బాపట్ల అమ్మాయితోనే చేశాం. పేరు సుశీల, మా ఇంటికి రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. సంబంధం కుదిర్చింది నేనే. వైశాఖంలో పెళ్ళయింది. ఆషాఢం రాగానే అందరు కొత్త కోడళ్ళలాగే పుట్టింటికి వచ్చేసింది. ఆ నెలంతా మొగుడూ పెళ్ళాం కలవకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా అమ్మకు ఈ పట్టింపులు మరీ ఎక్కువ.

సాంబు ఆగలేకపోయాడు. మిల్లుకు బెల్టు కొనాలని అమ్మతో చెప్పి తెనాలి బండెక్కాడు. తెనాలిలో బండి మారి బాపట్ల వచ్చాడు. అంతకు ముందే నన్ను బతిమాలి ఒప్పించుకున్నాడు. గోరింటాకు పెడతాను రమ్మని సుశీలను పిలిపించాను. ఆషాఢంలో ఆడపిల్లను గోరింటాకుకు పిలిస్తే ఎవరు అనుమానిస్తారు? మా ఆయన ఆఫీసులో ఉన్నారు. సుశీల చేతులు కడుక్కుంటుండగా దొడ్డి తలుపు గొళ్ళెం రెండుసార్లు చప్పుడైంది. వెళ్ళి తీశాను. వాళ్ళిద్దరినీ వెనక గదిలో వదిలి, నేను వీధి అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నాను. లోపల నుంచి ఆ పిల్ల నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు ఆలోచించలేదు.

వారం తిరక్కుండానే మిల్లులో వడ్ల బస్తాల మధ్య వాణ్ణి పాము కరిచింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

రేపల్లెలో శవం పక్కన కూర్చున్న సుశీల చేతులు ఎర్రగా పండి ఉన్నాయి. చూసినవాళ్ళు ముఖం తిప్పుకున్నారు. ఎవరో పెద్దావిడ చింతపండు తెచ్చి ఆ అరచేతులు తోమింది. పోలేదు. మళ్ళీ తోమింది. తోమినకొద్దీ ఎరుపు పెరుగుతున్నట్టు నా కళ్ళకు కనిపించింది. అది రుబ్బి పెట్టింది నేనే.

భాద్రపదంలో తెలిసింది, సుశీల కడుపుతో ఉందని. అమ్మ మొదట ఏడుస్తూనే సంతోషించింది. తర్వాత వేళ్ళు మడిచింది. ఆ రోజుల్లో ఈ లెక్కకు డాక్టరమ్మ అక్కర్లేదు. ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు దూరంగా కూర్చున్నారో వీధంతటికీ తెలుసు. సుశీల పుట్టింటికి వచ్చీ రాగానే ఆ మూడు రోజులూ పెరటి వసారాలో విడిగా చాప వేసుకుంది. అంటే రేపల్లె నుంచి వచ్చేటప్పటికి కడుపుతో లేదు. ఆ తర్వాత మళ్ళీ కూర్చోలేదు. కడుపు పడింది ఆషాఢంలోనే. ఆషాఢంలో మొగుడు రేపల్లెలో ఉన్నాడు, లోకానికి తెలిసినంతవరకు.

అమ్మ బాపట్ల వచ్చింది. మా ముందుగదిలో కూర్చుని సుశీలను పిలిపించింది.

"ఆషాఢంలో తమ్ముడు నీ ఇంటికొచ్చాడంటుంది ఈ పిల్ల. నిజమేనటే?"

"వదినా, దొడ్డి తలుపు తీసింది మీరే కదండి. చెప్పండి," అంది సుశీల.

"రాలేదమ్మా," అన్నాను.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోవే."

"ఏంటమ్మా గుర్తు తెచ్చుకునేది? గోరింటాకు పెట్టించుకుని వెళ్ళిపోయింది. అంతే."

సుశీల ఏడవలేదు. నా కాళ్ళ మీద పడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వేసవి మొదట్లో ఆడపిల్ల పుట్టిందన్నారు. తర్వాత ఆ కుటుంబమే ఊరు విడిచి వెళ్ళింది.

ఎందుకన్నాను ఆ మాట? నియమం తప్పినందుకే కొడుకు పోయాడని, తప్పించింది నేనేనని అమ్మ అంటుందేమోనన్న భయం. చాలా ఏళ్ళు నాకు నేను ఈ జవాబే చెప్పుకున్నాను. అది సగమే. అప్పటికి నా పెళ్ళయి ఏడేళ్ళు. నాకు పిల్లల్లేరు. మొక్కని దేవుడు లేడు, మింగని మందు లేదు. ఆ పిల్లకు నా ఇంట్లో, నా చాప మీద, ఒక్క మధ్యాహ్నానికి కడుపు పండింది. నేను ఓర్వలేకపోయాను. ఇదీ అసలు సంగతి.

అమ్మ వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం దొడ్డి గొళ్ళెం రెండుసార్లు చప్పుడైంది. తీస్తే ఎవరూ లేరు. గాలి కూడా లేదు. ఆ తర్వాత ఏటా ఆషాఢంలో ఒక్క మధ్యాహ్నం అదే చప్పుడు. పక్కనే ఉన్న మా ఆయనకు వినపడేది కాదు. ఆయన బదిలీ మీద తెనాలి వచ్చేశాం. అక్కడి ఇంటికి దొడ్డి తలుపే లేదు, వెనకంతా గోడ. ఆషాఢం వచ్చింది. గోడలోంచి గొళ్ళెం చప్పుడు వినిపించింది. చెవులు మూసుకుని వంటింట్లో కూర్చుండిపోయాను.

డెబ్బైల్లో ఒకరోజు అమ్మను చూడ్డానికి బయలుదేరి, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి దగ్గర నిలబడ్డాను. పరికిణీ కట్టుకున్న పిల్ల ఒకతె నా దగ్గరికొచ్చింది. సాంబు నుదురు. సాంబు చూపు.

"గోరింటాకు రుబ్బారా అత్తా? మీ చేతులు వాసనొస్తున్నాయి," అంది.

ఆ ఆషాఢం తర్వాత నేను గోరింటాకు ముట్టలేదు.

"ఈ బండి ఎక్కడికెళ్తుందండి?"

"రేపల్లె."

"అయితే మేం ఎక్కకూడదంట. మా అమ్మ చెప్పింది."

కుళాయి దగ్గర చెంబు నింపుకుని సుశీల వస్తోంది. నన్ను చూసింది. పిల్ల చెయ్యి పట్టుకుని అవతలి ప్లాట్‌ఫారం వైపు నడిచింది. పిల్ల వెనక్కి తిరిగి నా చేతుల వంకే చూస్తూ వెళ్ళింది. ఒక్క కేక వేస్తే ఆగేవాళ్ళు. అమ్మ అప్పటికింకా బతికే ఉంది, ఆ బండి వెళ్ళేది అమ్మ దగ్గరికే. నేను ఒక్కదాన్నే ఎక్కి కూర్చున్నాను. ముఖం అలా ఉందేంటే అని అమ్మ అడిగితే ఎండ అన్నాను.

అమ్మ పోయింది. సుశీల ఎక్కడుందో నాకు తెలియదు. క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్ని అడగడం లేదు. రాస్తుంటే గుండె కాస్త తేలికవుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది. అయినా అమ్మకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మా సాంబుకు ఒక కూతురుంది.